పిడుల్లేని తలుపులు

ప్రియమైన చిట్టికి,

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే చూసి వదిలేస్తున్నావు. మెయిల్ రాద్దామంటే అది ఎక్కడుందో కనిపించి చావడం లేదు. అందుకే పెన్ను పట్టుకున్నాను. నా రాత అర్థం కాకపోతే మీ అక్క చేత చదివించుకో.

ముందు ఒక్క విషయం చెప్పు. వెళ్ళేముందు నా కంప్యూటర్‌ని ఏం చేశావు?

నువ్వు తలుపు ధడాల్న వేసి వెళ్ళిన మర్నాడు పొద్దున ఆన్ చేస్తే, అది నా కంప్యూటర్ కాదు. పొరపాటున పరాయివాళ్ళ ఇంట్లో దూరినట్టు అనిపించింది. ఎడమ పక్క అడుగున మూలలో ఉండాల్సిన స్టార్ట్ బటన్ లేదు. అది వెళ్ళి నడిమధ్యలో పెద్దమనిషిలా కూర్చుంది. స్క్రీన్ మీద కిటికీల మూలలన్నీ గుండ్రంగా అరగదీసేశారు. రంగులు వెలిసిపోయాయి, బూడిదరంగు మీద బూడిదరంగు అక్షరాలు. తెరిచిన ఫైళ్ళ పేర్లు అడుగున వరసగా కనపడేవి కదా, ఇప్పుడు అన్నిటినీ ఒకే బొమ్మ కింద కుక్కారు. పళ్ళ డాక్టరుగారికి నేను గీస్తున్న వంటగది డ్రాయింగ్ వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. ఆయన నెలాఖరుకల్లా కావాలన్నారు. ఆయన ఒప్పుకుంటే ఆ వీధిలో మిగతా డాక్టర్లూ నా దగ్గరికే వస్తారని నీకు తెలుసు.

ఇరవై ఏళ్ళుగా ఆ మూల నా చేతికి తెలుసు. చూడక్కర్లేదు, మౌస్ దానంతటదే అక్కడికి పోయేది. ఇప్పటికీ పోతోంది. పోయి ఖాళీ చోట టకటకా నొక్కి, పిచ్చిదానిలా తిరిగొస్తోంది.

నీ కేకు సంగతి నేను మర్చిపోయాను. నువ్వూ మర్చిపో. అంతమాత్రానికే ఇల్లు వదిలి అక్క ఇంట్లో కూర్చుంటారా ఎవరైనా? మా తోడల్లుడు ఏమనుకుంటాడు?

వెంటనే జవాబు రాయి.

కంప్యూటర్ పోగొట్టుకున్న,
నీ భర్త

* * *

ప్రియమైన శ్రీవారికి,

'ప్రియమైన' అన్నది చేతి అలవాటు కొద్దీ పడింది. పొంగిపోకండి.

కంప్యూటర్ గురించి నాకేం తెలుసండీ? పోయిన నెల మీ స్నేహితుల ముందు మీరే అన్నారుగా, "మా ఆవిడకి ఓవెన్ తప్ప ఇంకే బటన్ నొక్కడం రాదు" అని. అందరూ నవ్వారు. నేను టీలు అందించాను.

నా కేకు సంగతి మర్చిపోయినందుకు ధన్యవాదాలు. నేను మర్చిపోలేదు. మీరెప్పుడూ చివరిదాకా వినలేదు కాబట్టి ఇప్పుడు చదవండి. కాగితం మధ్యలో అడ్డు తగల్లేరుగా.

అక్క ఆపరేషన్‌కని నేను ఇక్కడికొచ్చి, తిరిగి ఇంటికి వచ్చేసరికి నా వంటగది లేదు. నా చెక్క అరలు లేవు. గోడ పొడుగునా తెల్లటి తలుపులు, ఒక్కదానికీ పిడి లేదు. ఏది అల్మరానో ఏది గోడో తెలీదు. "సర్‌ప్రైజ్!" అన్నారు. వేలితో ఒత్తితే తెరుచుకుంటుందని చూపించారు. నా మొహం ఎలా ఉందో కూడా చూడకుండా ఫోటోలు తీసుకున్నారు. మర్నాటికి ఆ ఫోటోలు మీ వంటగదుల షాపు గోడ మీదున్నాయి. అంటే అది నాకోసం చేయించిన వంటగది కాదు, మీ కస్టమర్లకి చూపించుకునే నమూనా. నేను అందులో కేకులు చేసి అమ్ముకుంటున్న మనిషిని. మీకు షాపు ఎలాగో నాకు అది అలాగ.

నేను ఇల్లు వదిలిన రోజు రెండంతస్తుల కేకు రెండు చేతులా పట్టుకుని ఇటు తిరిగాను. కాలు తగిలితే చాలు తెరుచుకుంటుందిగా మీ సొరుగు, విసురుగా బయటికొచ్చి మోకాలి చిప్ప మీద కొట్టింది. కేకు నేలపాలైంది. సాయంత్రం ఆ పాప పుట్టినరోజు. వాళ్ళమ్మ మన గుమ్మంలో నిలబడి, నన్నొక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బావుండేది. మీరేమన్నారు? పేపర్లోంచి తలెత్తకుండా, "కొత్త కదా, అలవాటైపోతుంది" అన్నారు.

సరే. మీ బటన్ నడిమధ్యలో ఉందన్నారుగా. అక్కడే నొక్కండి. అలవాటైపోతుంది.

ఇట్లు,
నోట్లో నాలుక లేని మీ భార్య

* * *

చిట్టికి,

'ప్రియమైన' అన్న మాట ఈసారి కావాలనే వదిలేశాను.

వెటకారాలు ఆపు. ఇక్కడ నా ప్రాణం పోతోంది.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించారు. చివరికి ఒక అమ్మాయి తేనె పూసిన గొంతుతో, "రెండు వారాల్లో అలవాటైపోతుంది సార్" అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఏళ్ళ తరబడి ఒక పద్ధతిలో పనిచేసుకుంటున్న మనిషితో అనే మాటేనా అది? "మార్చమని ఎవరడిగారమ్మా మిమ్మల్ని?" అన్నాను. "యూజర్ల సౌకర్యం కోసమే సార్." "నేనే కదమ్మా యూజర్ని, నన్నెవరడిగారు?" "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది సార్" అని పెట్టేసింది.

రైట్ క్లిక్ చేస్తే కాపీ, పేస్ట్ అని అక్షరాల్లో ఉండేవి. ఇప్పుడు వాటి బదులు చీమ తలకాయంత బొమ్మలు. ఫైలు పేరు మార్చబోయి, ఏ బొమ్మ ఏమిటో తెలీక చెరిపేసే బొమ్మ నొక్కాను. డాక్టరుగారి వంటగది చెత్తబుట్టలో పడింది. మళ్ళీ ఏరుకున్నాననుకో. పేజీ కిందికి జరపడానికి కుడి పక్కన పట్టీ ఉండేది కదా, దాన్ని దాచేశారు. మౌస్‌తో తడిమితే దారప్పోగులా బయటికొస్తుంది, పట్టుకునేలోపు మాయం. చూడ్డానికి శుభ్రంగా ఉండాలట! చేత్తో పట్టుకోవడానికి ఏదీ లేకపోతే ఆ శుభ్రం ఎవడిక్కావాలి?

ఇంటర్నెట్‌లో ఒక ఫోరం దొరికింది. నాలాంటి బాధితులు వేలమంది. 'పాతమూల' అని పేరు పెట్టుకున్న ఒకాయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడట, డ్యూటీ దిగగానే కంపెనీకి శాపనార్థాలు పెడతాడు. ఇంకొకావిడ తన పాత కంప్యూటర్‌కి ఇంటర్నెట్ గాలి కూడా సోకకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకుందట. నిన్న ఒక కుర్రాడెవడో వచ్చి "నాకైతే బాగానే ఉంది" అని రాశాడు. అందరం కలిసి వాణ్ణి చీల్చి చెండాడాం. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. మారిన పది రోజుల్లోపు అయితే పాత రూపానికి తిరిగి వెళ్ళొచ్చట. ఆ గడువు మొన్నటితో అయిపోయింది. నాకు ఒక్కరూ చెప్పలేదు. ఇక వెనక్కి దారి లేదు.

నాకు ఒక్కటే అనుమానం. దీన్ని గీసినవాడు ఒక్కరోజైనా దీంతో పనిచేశాడా?

నీ భర్త

నువ్వు ఎప్పుడొస్తున్నదీ రాయలేదు.

* * *

శ్రీవారికి,

మీ ఉత్తరం మొత్తంలో నాకు నచ్చిన వాక్యం ఒక్కటే. దాన్ని కత్తెరతో కత్తిరించి ఇందులో పెట్టి పంపిస్తున్నాను.

"దీన్ని గీసినవాడు ఒక్కరోజైనా దీంతో పనిచేశాడా?"

వంటగదిలో స్టవ్‌కి ఎదురుగా అంటించుకోండి. జిగురు ఏ తలుపు వెనక ఉందో వెతుక్కోవడం మీ పని.

మీ భార్య

* * *

ప్రియమైన చిట్టికి,

చాలా రోజులు రాయలేదు. మొదట కోపంతో రాయలేదు. నీ కాగితం ముక్కని ఉండచుట్టి పారేశాను. తర్వాత ఏం రాయాలో తెలీక రాయలేదు.

ఆదివారం పళ్ళ డాక్టరుగారూ ఆయన భార్యా షాపుకి వచ్చారు. స్క్రీన్ మీద డ్రాయింగ్ చూసి బ్రహ్మాండంగా ఉందన్నారు. అచ్చం ఇలాంటిదే కట్టింది ఎక్కడైనా ఉంటే చూస్తామన్నారు. మా ఇంట్లోనే ఉంది రండి, టీ కూడా తాగొచ్చు అని గొప్పగా వెంటబెట్టుకొచ్చాను. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ నాది హోటల్ తిండే. ఆ స్టవ్ నేను వెలిగించడం అదే మొదలు.

పంచదార కోసం ఒక తలుపు ఒత్తాను. పళ్ళేలు. పక్కది ఒత్తాను, అది తలుపు కాదు, గోడ. ఇంకోటి ఒత్తితే దాని పక్కది తెరుచుకుంది. నవ్వుతూనే ఉన్నాను. చెయ్యి తడిగా ఉంటే వేలు జారిపోతుందనీ, ఎంత ఒత్తినా తెరుచుకోదనీ అప్పుడే తెలిసింది. స్టవ్ దగ్గరికి జరిగితే పై అల్మరా అంచు నుదుటికి కొట్టింది. డ్రాయింగ్‌లో మనిషి ఉండడు కదా, ఇక నుదురెక్కడిది? పాలు పొంగుతున్నాయని కంగారుగా వంగాను. నీ మోకాలిని కొట్టిన ఆ సొరుగు నన్నూ వదల్లేదు.

"ఎవడ్రా ఈ దిక్కుమాలిన వంటగదిని గీసింది!" అని అరిచాను.

డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు. ఆవిడ మాత్రం నన్నే చూస్తూ, నెమ్మదిగా అడిగారు.

"ఇందులో రోజూ వంట చేసేదెవరండీ?"

"మా ఆవిడ."

"ఓసారి పిలవండి. ఆవిణ్ణి ఒక మాట అడిగి చెప్తాం."

ఊళ్ళో లేదన్నాను. ఎప్పుడొస్తారు అన్నారు. నేను వెళ్ళి స్టవ్ ఆపాను. పాలు మాడిన కంపులో ముగ్గురం అలాగే నిలబడిపోయాం.

ఆర్డరు పోయినట్టే. అది పోతే పోయింది. నన్ను కోసేస్తున్నది వేరే. ఆ పాప తల్లి వెళ్ళిపోతుంటే నువ్వు నేల తుడుస్తున్నావు, నేను పేపరు చదువుతున్నాను. హెల్ప్‌లైన్ అమ్మాయి నాతో అన్న మాటే నీతో అన్నాను. అలా అన్నందుకు ఆ అమ్మాయికి జీతమైనా ఇస్తారు.

నీ పాత అరలు తిరిగి కొందామని పాతసామాన్లవాడి దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడో కోసి వంటచెరుకు కింద అమ్మేశాడట. అక్కడా గడువు దాటిపోయింది. తలుపులకి పిడులు బిగించమని వడ్రంగిని పిలిచాను. అతను వచ్చి, ఎంత ఎత్తులో పెట్టమంటారు అన్నాడు. చెప్పబోయి ఆగిపోయాను. పంపించేశాను. ఎంత ఎత్తులో కావాలో నిన్ను అడగలేదు కదా.

ఇప్పుడు అడుగుతున్నాను. ఏది ఎక్కడుండాలి? ఉప్పు ఎక్కడ? నీ గరిటెలెక్కడ? రాసి పంపు.

కంప్యూటర్ మీద కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

నుదుట బొప్పితో,
నీ భర్త

* * *

ప్రియమైన శ్రీవారికి,

ఈసారి 'ప్రియమైన' చూసుకునే రాశాను.

మీ ఉత్తరం చదివి అక్క నవ్వింది, నేను ఏడ్చాను. బొప్పి దగ్గరికొచ్చేసరికి ఇద్దరం నవ్వాం.

ఇప్పుడు నేనొకటి చెప్తాను. నిలబడి ఉంటే కూర్చోండి. మీ కంప్యూటర్‌ని మార్చింది నేనే.

ఆ రోజు పెట్టె సర్దుకుని, ఫోన్ చార్జర్ కోసం మీ బల్ల దగ్గరికొచ్చాను. స్క్రీన్ మీద చిన్న గడి ఉంది. కొత్త రూపానికి మారతారా అని అడిగి, 'ఇప్పుడే' అని ఒకటి, 'తర్వాత' అని ఒకటి ఇచ్చింది. నెలల తరబడి మీరు తిట్టుకుంటూ 'తర్వాత' నొక్కడం నేను చూస్తూనే ఉన్నాను. అక్కడ నిలబడితే నాకు ఒకటే అనిపించింది. ఆ యంత్రానికున్న మర్యాద కూడా నా మొగుడికి లేకపోయిందే అని. అది మిమ్మల్ని రోజూ అడుగుతోంది. నన్ను ఒక్కసారైనా ఎవరూ అడగలేదు. 'ఇప్పుడే' నొక్కాను. అది గిర్రున తిరగడం మొదలయ్యేదాకా ఉండి, ఆ తర్వాతే తలుపు ధడాల్న వేశాను.

పది రోజుల గడువూ నాకు తెలుసు. ఆ గడిలోనే కింద రాసుంది. మీ మొదటి ఉత్తరం రాగానే చెప్పేద్దామనే అనుకున్నాను. విప్పి చూస్తే రెండు పేజీలూ కంప్యూటరే. మోకాలు ఎలా ఉందని ఒక్క ముక్క లేదు. తిక్క కుదరనీ అని ఊరుకున్నాను. అందుకు నాకేం బాధ లేదు. కోపం కూడా పూర్తిగా పోలేదు, వచ్చాక మిగతాది చూపిస్తాను.

ఉప్పు ఎక్కడుండాలో రాసి పంపను. అది చెయ్యి చాచి చూసుకుంటే గానీ తెలీదు. శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. డాక్టరుగారి భార్యకి ఫోన్ చేసి, మా ఆవిడ వస్తోంది, అడగాల్సింది అడగండి అని చెప్పండి. నేను ఉన్నదున్నట్టే చెప్తాను. ఆర్డరు నిలబడుతుందో లేదో నా పూచీ కాదు.

ఓవెన్ కాని బటన్ కూడా నొక్కడం వచ్చిన,
మీ భార్య

* * *

ప్రియమైన ద్రోహికి,

నువ్వేనా! ఇంట్లో దొంగని పెట్టుకుని ఊరందరినీ తిట్టిపోశాను. హెల్ప్‌లైన్ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేసి క్షమాపణ చెప్దామనుకున్నాను. సంగీతం వినిపించారు, పెట్టేశాను.

కోపం పట్టలేక జరిగిందంతా ఫోరంలో రాసి తీర్పు చెప్పమన్నాను. అక్కడ ఏ ఇద్దరికీ ఏ విషయంలోనూ పొసగదు. ఈసారి అందరూ నీ వైపే. 'పాతమూల' ఆయనైతే నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. మేము చీల్చి చెండాడిన ఆ కుర్రాడు కూడా వచ్చి, "అలవాటైపోతుంది సార్" అని రాసిపోయాడు.

డాక్టరుగారి భార్యకి ఫోన్ చేశాను. ఆదివారం సాయంత్రం వస్తామన్నారు. నువ్వేం చెప్పినా నేను పక్కనే నిలబడి వింటాను, చివరిదాకా.

మోకాలు ఎలా ఉంది?

అల్మరాల్లో ఉన్నవన్నీ తీసి నేల మీద పరిచాను. గరిటెలు, గిన్నెలు, డబ్బాలు, ఉప్పు, అన్నీ. తలుపులు ఊడదీయించాను. అరలు ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి కూడా నేను సర్దలేదు. వంటింట్లోకి వెళ్ళాలంటే గిన్నెలు దాటుకుంటూ వెళ్ళాలి. శనివారం బస్టాండ్‌లో ఉంటాను. పెట్టె నేనే మోస్తాను, దారిపొడుగునా తిట్టుకుంటూ.

నువ్వు లేని ఇంటికి ఎంతకీ అలవాటు పడని,
నీ మొగుడు