బాటిల్లో ఉప్పునీళ్లు

మామా,

నువ్వు చనిపోయినంక మొదటిసారి ఊరు దాటినా. మన పొదుపు సంఘం ఆడోళ్లమంతా కొచ్చి పోయి, సముద్రం పక్క కాలవలో పడవెక్కినాం. దారి పొడుగునా పాతకాలం రేవు ఊర్లు. దిగేది, కోటలు చూసేది, మళ్లీ ఎక్కేది. పడవలో ఇద్దరిద్దరు కూర్చునే సీట్లు. నా పక్కన సంచి పెట్టుకున్నా.

అన్ని నీళ్లు చూసి మనోళ్లు ఆగుతారా? మన చెరువు నిండి మరవ పొంగి పారినప్పటి మాదిరే గంగమ్మకు పసుపు, కుంకుమ, పూలు ఇడిసినారు. తీర్థమని నేను దోసిట్లో పట్టి తాగినా. థూ, ఒట్టి ఉప్పు! పడవ నడిపే ఆయప్ప పడీపడీ నవ్వినాడు.

"ఇన్ని నీళ్లుండి ఒక్క మడికీ పనికిరావంటనే!" అని నువ్వు అంటావని పక్కకు తిరిగినా. సంచి ఉండాది.

బోరు మీద బోరు ఏయించి, నీళ్లు పడకుండానే పోతివి. అందుకే నీకని ఒక బాటిల్ పట్టుకొచ్చినా. రేపు సోలార్ కంపెనీ గేటు కాడ కావలాయన్ని అడుక్కొని, కంపెనీకిచ్చిన మన చేన్లోకి పోయి నీ సమాధి మీద పోస్తా. ఉప్పునీళ్లకు భూమి చెడిపోతాదని తిట్టొద్దు. చుట్టూ సోలార్ పలకలే మామా, ఆడ ఇంక శెనక్కాయ ఏసేదెవరు?