దేవనహళ్ళి రోడ్డు మీద పుట్టింటి చీర

బెంగళూరు,
ఫిబ్రవరి 1998.

జిల్లా పోలీసు సూపరింటెండెంటు గారి సముఖమునకు, చిక్కపేటలో చీరల అంగడి నడుపుకొను రాజగోపాల్ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: లారీ, టెంపో గుద్దుకొన్న పిమ్మట పోలీసువారు దేవనహళ్ళి రోడ్డును మూసి ఉంచిన తీరు గురించి.

అయ్యా,

తమరు తెలుగువారని విన్నాను. కోపమొస్తే నాకు కన్నడం రాదు గనుక తెలుగులోనే మనవి చేసుకొంటున్నాను.

1. పోయిన మంగళవారం ఉదయం దేవనహళ్ళిలో మా అక్క సొన్నమ్మ ముత్తైదువగా కాలం చేసినది. మాలో పుట్టింటి చీర కప్పనిదే ఆడకూతురిని ఎత్తరు. అంగట్లోకెల్లా మంచి పచ్చ పట్టుచీర తీసుకొని బస్సెక్కితిని. సగం దారిలో బస్సు ఆగినది. ముందర లారీ, టెంపో గుద్దుకొని ఉండెను. లారీ డ్రైవరు పారిపోయెను. దెబ్బలు తగిలినవారిని జనమే ఆసుపత్రికి పంపిరి. టెంపోలోని ఒక ఆడమనిషి మాత్రం రోడ్డు మీదనే ప్రాణం విడిచినది. ఇంతవరకు పోలీసువారి తప్పేమియు లేదు. వారింకా రాలేదు.

2. లారీ ఒక ఠాణా సరహద్దులోను, టెంపో ఇంకొక ఠాణా సరహద్దులోను ఆగినవట. కేసు మీదంటే మీదని రెండు ఠాణాలవారూ వచ్చి టేపు పట్టి రోడ్డు కొలిచిరి. టేపు కొస పట్టుకున్నవాడు టీకి పోతే మళ్ళీ మొదటినుంచి. పక్కన బస్సు పట్టేంత జాగా ఉన్నా మధ్యాహ్నమంతా ఒక్క చక్రం కదలనివ్వలేదు. "చావింట్లో నాకోసరం కాసుకోని ఉండారప్పా, నడిసైనా అవతలికి పోతాను" అని కానిస్టేబుల్‌ను బతిమాలాను. "సాహెబ్రు వచ్చి పంచనామా మహజరు రాసేదాకా ఎవురూ దాటకూడదు. నువ్వు పొయ్యి పీనుగును లేపుతావా ఏం?" అన్నాడు. వాడి నోట్లో మన్నుపడ!

3. ఎర్రబుగ్గ కారొకటి రాగానే ఆ కానిస్టేబులే సెల్యూటు కొట్టి రోడ్డుకు అడ్డం కట్టిన తాడు విప్పెను. కారు పోగానే మళ్ళీ కట్టెను.

4. పొద్దు వాలేవేళకు మా బావ తమ్ముడు నన్ను వెతుక్కుంటూ సైకిలు మీద వచ్చి తాడుకు అవతల నిలబడ్డాడు. "ఇంక పెట్టుకునేదానికి కాలేదన్నా, ఎత్తేసినాము" అన్నాడు. ఒంటి మీద పుట్టింటి గుడ్డ లేకుండా పోయింది మా అక్క. నేను ఏడ్చాను. ఇటు చూస్తే టెంపోలో వచ్చిన ఆడమనిషి మధ్యాహ్నమంతా ఎండలో పడి ఉండి, ఇంకా అట్లే ఉంది. అంతమంది పోలీసుల్లో ఒక్కడూ ఆమె మీద గుడ్డ వేయలేదు. కప్పినవాడి ఠాణాకే కేసు చుట్టుకుంటుందని భయమట! తాడు దాటి పోయి మా అక్క చీర ఆమెకు కప్పాను. లాఠీ లేచింది గానీ దెబ్బ పడలేదు.

నిన్న నన్ను ఠాణాకు పిలిపించి, సాక్ష్యం చెడిపినావని కేకలేశారు. చీర తీసుకుపొమ్మన్నారు. వాళ్ళు రాసుకున్న మహజరులో ఆమె పేరుండవలసిన చోట "అనాథ స్త్రీ" అని ఉంది.

చీర నేను తీసుకోను. ఆ అనాథ అన్న మాట కొట్టివేయించండి. పుట్టింటి చీర కప్పుకొని పోయిన ఆడకూతురు అనాథ ఎట్లవుతుంది? తనవాళ్ళు వచ్చేదాకా పుట్టిల్లు చిక్కపేట అని వేయించండి. ఇది చిత్తగించుటకు తమకైనా సరహద్దు అడ్డం రాదని తలుస్తాను.

తమ విధేయుడు అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఇట్లు,
ఆమె తమ్ముడు
రాజగోపాల్