కారు చప్పుడు

యిర్మీయా అన్నయ్యకు,

సౌదీలోని హఫర్ అల్ బాతిన్ నుంచి నీ చెల్లెలు వందనాలతో రాస్తున్నది. ఇక్కడి ప్రభుత్వం విదేశీ కుటుంబాల మీద లెవీ అని తలకింత పన్ను వేశాక కొర్నేలుగారి వాళ్ళు ఇండియా వెళ్ళిపోతూ మాకిచ్చిన పాత కారు గురించి ఫోన్లో చెప్పాను కదా. యాక్సిలరేటర్ తొక్కితే తుపాకీలా పేలేది. ఇక్కడ చర్చిలు ఉండవు కనుక శుక్రవారం మా ఫ్లాట్‌లో నాలుగు కుటుంబాలం గుట్టుగా ప్రార్థనకు కూడి, కిటికీ మూసి మెల్లగా పాడుకుంటాం. ఈ పేలుళ్ళకు వీధంతా మావైపే చూసేది.

మొన్న మీ బావగారు కారు స్టార్ట్ చేయగానే కింది ఇంటి సౌదీ పెద్దాయన బయటికొచ్చాడు. మా పాటల మీద గొడవకే వచ్చాడనుకున్నాను. ఆయన బానెట్ ఎత్తమన్నాడు. చప్పుడు ఎక్కడిదో నువ్వు ఫోన్లో కనిపెట్టమన్నావు కదా, అలాగే చూసి, అది సైలెన్సర్‌లోంచి కాదు, కార్బురేటర్‌లోంచి వస్తోందని చెప్పాను. పెద్దాయన చెవిపెట్టి విని, దాని కింద రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో నొక్కాడు. చప్పుడు ఆగిపోయింది. గొట్టం చీలి, అక్కడ గాలి పీల్చుకుంటోందట. ఇంట్లోంచి కొత్త ముక్క తెచ్చి తనే బిగించాడు.

"షుక్రన్ బాబా," అని వాళ్ళ అరబ్బీలోనే థాంక్స్ చెప్పాను.

"మీ శుక్రవారం పాట మా ఆవిడకు ఇష్టం సిస్టర్. మాకు పడనిది ఈ చప్పుడే," అన్నాడు.

నేనూ మీ బావగారూ మొహాలు చూసుకున్నాం. ఈ శుక్రవారం కిటికీ మూయకుండానే పాడాం అన్నయ్యా.

నీ చెల్లెలు