బుగ్గ కింద దిండు

ఆదివారం, భోజనాలయ్యాక

కుడి బుగ్గ ఇంకా మండుతోంది. పెరుగు రాసుకుని ఇది రాస్తున్నాను.

మామయ్యగారు నా పేరుకి మార్పించిన తుపాకీ ఆయన నిండు బుగ్గలకి సరిపోయింది. నావి పీక్కుపోయిన బుగ్గలు. గురి చూడ్డానికి తుపాకీ వెనక కర్రకి చెంప ఆనిస్తే కన్ను గొట్టం కంటే కిందికి దిగిపోతుంది. "కర్ర మీద ఏదన్నా మెత్తగా కట్టుకురామ్మా, కన్ను పైకి రావాలి" అన్నారు షూటింగ్ నేర్పే కోచ్‌గారు. అత్తయ్య నిన్న మా చేలో పత్తి కూరి చిన్న దిండు కుట్టేసింది. గట్టిగా ఉంటుందని పైగుడ్డకి మిరపకాయల గోతం కత్తిరించింది. దులిపిందట!

ఇవాళ గాల్లోకి ఎగిరిన మట్టి బిళ్ల మొదటి దెబ్బకే పగిలింది. ఇన్నాళ్లూ ఒక్కటీ పగల్లేదు. అంతలో చెమటకి బుగ్గ భగ్గుమంది, కళ్లు ధారలు కట్టాయి. కోచ్‌గారు కరిగిపోయి, "ఏడవకమ్మా, ఇక అన్నీ తగుల్తాయి" అన్నారు.

ఇంటికి రాగానే అత్తయ్య గుమ్మంలోనే ఆపి, "ఏమ్మాయ్, నా దిండు కుదిరిందా?" అంది. ఆ మొహం చూశాక నిజం ఎలా చెప్పను? "బ్రహ్మాండం అత్తయ్యా" అనేశాను.

పక్క గదిలో కుట్టుమిషన్ చప్పుడవుతోంది. పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుందని భుజానికి కూడా ఒకటి కుడుతోంది. మిగిలిన గోతంతోనే.