దయ్యాల పుస్తకంతో నా తిప్పలు

అక్కా, నేను క్షేమం, జలుబు తగ్గింది. నువ్వు పంపిన దయ్యాల కథల పుస్తకమే నా ప్రాణం తీస్తోంది. వానాకాలం కదా అని భోజనాల వేళ మా కుట్టుపని షాపులో మిషన్ల దగ్గర పైకి చదివాను. తోటి అమ్మాయిలందరూ చెవులప్పగించి విన్నారు. ఇప్పుడు కింది గదిలోంచి బట్ట తాను తెమ్మంటే ఒక్కతీ కదలదు. "చదివింది నువ్వేగా, నువ్వే వెళ్లు" అంటారు. నిన్న ఆరుసార్లు దిగాను. ఆరోసారి లైటు పోయింది. బట్ట తానుని అక్కడే పడేసి కెవ్వుమంటూ పైకొచ్చాను. "నీకూ భయమేనా!" అని మా టైలరు మాస్టరు ఒకటే నవ్వు. చదవడం మానేద్దామంటే, కథ సగంలో ఆపితే ఇంకా భయమట వీళ్లకి! అమ్మమ్మనడిగి, దయ్యం బుద్ధి తెచ్చుకుని వెళ్లిపోయే కథ ఒకటి రాసి పంపు. పాపకి పళ్లొచ్చాయా? బావగారికి నమస్కారాలు.

నీ చెల్లి

తా.క. పుస్తకం రెండో భాగం దొరికితే వెంటనే పంపు. వానలింకా నెలరోజులున్నాయి.