కోడలికి పెట్టిన గాజులు

అక్కా,

పరువు పోతుందని తెలిసీ నిజం చెప్పేవాళ్లకు ఆ ధైర్యం ఎక్కడిది? ఏళ్లుగా నన్ను తొలిచే ఈ ప్రశ్నకు జవాబు మొన్న మా ముందుగదిలోనే కనిపించింది. మేమంతా కులాసానే. ప్రెస్సు మూసేశాం. సోమవారం మేమిద్దరం దివాలా పిటిషను వేస్తున్నాం. బంగారం ఎక్కడున్నా చెప్పాలని ప్లీడరుగారు అనగానే నేను తల దించుకున్నాను.

అత్తయ్య మాత్రం, "కోడలికి నేను పెట్టిన గాజులు వాళ్లక్క దగ్గరున్నాయి, రాసుకో నాయనా" అనేశారు.

"ఊరుకో అమ్మా" అని మీ మరిది గొణిగారు.

"ఏంట్రా ఊరుకునేది? ఐపీ పెట్టినవాళ్లని నోరారా తిట్టాను, ఇప్పుడు నా కొడుకే పెడుతున్నాడు. నా నోటికి ఆ శాస్తి చాలు. దొంగల్ని మాత్రం ఎప్పుడూ గడప తొక్కనివ్వలేదు."

ఆ నోటికే మొక్కాలనిపించింది.

గాజులు ఆదివారంలోగా బావగారితో పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మిషను తొక్కడం మానావా, లేదా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

అమ్మ నాకిచ్చిన గొలుసు కూడా నీ దగ్గరే ఉందని అత్తయ్యకు తెలియదు. దాన్నీ పంపమనాలో, నీ దగ్గరే ఉంచమనాలో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లెలు