నూనె కలపని పెట్రోలు

హైద్రూన్, గ్యారేజీలో ఎర్ర డబ్బా ముట్టుకోకు. అందులో ఉన్నది ఉత్త పెట్రోలు, నూనె కలపలేదు. నిన్న నేను మన పాత రేసుకారులో పోసింది అదే. టూస్ట్రోక్ ఇంజనుకు నూనె కలపందే పెట్రోలు పొయ్యొద్దని సాక్సనీ అంతా గొంతు చించుకున్న మొనగాణ్ణి నేనే! ఆరేళ్ళు బాగుచేసిన ఇంజను అరగంటలో బిగుసుకుపోయింది.

పిస్టన్ కోసం మీ తమ్ముడు ఓర్ట్‌విన్ దగ్గరికి పోతున్నా. మన రేసుకార్ల క్లబ్బు మీటింగులో వాణ్ణి "ఇంజన్ల కసాయి" అన్నదీ నేనే. ఫోనులో "రా బావా, నూనె కలపడం కూడా నేర్పిస్తా" అన్నాడు. ఆదివారం కొండ రేసులో నడిపేది నువ్వు కాబట్టి పోతున్నా, నాకోసమైతే చచ్చినా పోను.

ఎక్‌హార్ట్

మరిచా: డబ్బా మీద "నూనె లేదు" అని నువ్వంటించిన కాగితం మొన్నే చూశాను. నాకే పాఠాలా అని చింపేశాను. ఆ ముక్క మాత్రం మీ తమ్ముడికి చెప్పకు.